బొమ్మకి డబ్బులేంటి?

విజయవాడలో ఓ పెద్ద బట్టల కొట్టు. దసరా, దీపావళి ప్రచారం ఎలా ఉండాలో చూపించమని మూడు ఏజెన్సీలను పిలిచారు. పేపర్ ప్రకటన, హోర్డింగు, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు, కొట్టు లోపలి అలంకరణ, అన్నీ డిజైన్ చేసే తీసుకురావాలి. నచ్చినవాళ్లకి పని ఇస్తారు. మిగతా ఇద్దరికీ ఏమీ ఉండదు. హైదరాబాద్‌లో ముగ్గురు సహోద్యోగులతో చిన్న డిజైన్ స్టూడియో నడుపుతున్న ఒకమ్మాయి, పిచ్‌కి కొంత ఫీజు ఇస్తేనే వస్తానంది. వాళ్లు ఇవ్వబోమన్నారు. ఈమె వెళ్లలేదు.

ఆమె గురించి ఆ కొట్టువాళ్లకి చెప్పింది సొంత బాబాయి. గవర్నర్‌పేటలో ముప్ఫయ్యేళ్లకు పైగా అడ్వర్టయిజింగ్ ఏజెన్సీ నడిపిన మనిషి. ఇద్దరూ నాకు తెలిసినవాళ్లే. వాళ్లు వాదించుకున్నది ఒక ఇంటి గొడవ మాత్రమే అనిపించలేదు, అందుకే ఇద్దర్నీ అడిగి రాస్తున్నాను. నడుమ నడుమ నా మాట కూడా ఉంటుంది.

బాబాయి: వాళ్లు నాకు పాతికేళ్ల పరిచయం అమ్మా. నా మొహం చూసి నిన్ను పిలిచారు. నువ్వేమో ముందు డబ్బులు పెట్టమన్నావు. వాళ్ల కొట్లో వంద చీరలు పరిచి చూపిస్తారు. ఒక్కటి కొనకుండా లేచిపోయినా ఒక్క మాట అనరు. నువ్వు నాలుగు బొమ్మలు చూపించడానికి లెక్క కట్టావు.

అమ్మాయి: ఆ వంద చీరలూ మడతపెట్టి మళ్లీ బీరువాలో సర్దుకుంటారు బాబాయ్. సాయంత్రం ఇంకొకరికి అమ్ముకుంటారు. ఆ కొట్టు కోసం నేను ఆలోచించింది ఇంకెవరికి పనికొస్తుంది చెప్పు? నలుగురం పది రోజులు కూర్చోవాలి. ఆ పది రోజుల జీతాలు ఎక్కణ్ణించి వస్తాయి? సక్రమంగా డబ్బులిచ్చే పాత క్లయింట్ల పని ఆపి, ఇవ్వనంటున్న వాళ్లకి చేయాలి. పోనీ ఓడిపోయామనుకో, మా ఆలోచన వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. గెలిచినవాళ్ల డిజైన్‌లో మా లైను కనిపిస్తే ఎవరిని అడగాలి?

బాబాయి: నేను ఏనాడూ బొమ్మకి బిల్లు వేయలేదు. 'ఆషాఢం సేల్, సగం పేజీ' అని పొద్దున ఫోనొచ్చేది. మధ్యాహ్నానికి లేఅవుట్ పట్టుకెళ్లేవాణ్ణి. రేటు ఇంకా పెద్దగా కనపడాలనేవాళ్లు, పెంచేవాళ్లం. ఓకే అన్నాక రిలీజ్ ఆర్డర్ రాసి రాత్రికి పేపర్ ఆఫీసులో ఇచ్చేవాణ్ణి. నా 15 శాతం పేపరువాళ్లిచ్చేవాళ్లు. బొమ్మ అందులోనే కలిసిపోయేది.

ఈ 15 శాతం సంగతి తెలియనివారికి కొంచెం చెప్పాలి. మన దేశంలో పత్రికల సంఘం 1939లో మొదలైంది. ఇప్పుడు దాని పేరు ఇండియన్ న్యూస్‌పేపర్ సొసైటీ. అక్కడ గుర్తింపు పొందిన ఏజెన్సీ తెచ్చిన ప్రకటన మీద పత్రిక 15 శాతం కమిషన్ ఇస్తుంది, డబ్బు కట్టడానికి గడువూ ఇస్తుంది. గుర్తింపు లేని చిన్న ఏజెన్సీ, గుర్తింపున్న ఏజెన్సీ ద్వారా ప్రకటన పంపి కమిషన్‌లో వాటా వదులుకుంటుంది. ఎనభైల చివర్లో తెలుగు పత్రికలు జిల్లా టాబ్లాయిడ్లు మొదలుపెట్టాయి. అప్పటిదాకా పత్రికలో ప్రకటన తన స్థాయికి మించినదనుకున్న స్వీటు షాపు, కళ్లద్దాల షాపు, ట్యుటోరియల్ కాలేజీ కూడా చదరపు సెంటీమీటర్ల లెక్కన చోటు కొనడం మొదలుపెట్టాయి. బాబాయి లాంటివాళ్ల ఏజెన్సీలు ఊరూరా లేచింది ఆ గాలికే. ఆ కమిషన్ అనేక కుటుంబాలకు తిండి పెట్టింది, కాదనను. అయితే క్లయింటు కంటికి డిజైన్‌ను కనపడకుండా చేసిందీ అదే. బిల్లులో ఏ వరుసలోనూ లేని పనికి విలువ ఉంటుందని ఎవరికి తోస్తుంది?

అమ్మాయి: ఆ 15 శాతంలో నీ చేతికి ఎంత మిగిలేదో చెప్పు బాబాయ్. నిజంగా చెప్పు.

బాబాయి: చెబుతా, దాచేదేముంది. నాలుగు లక్షల యాడ్ అనుకో. కమిషన్ అరవై వేలు. క్లయింటు ముందే అడుగుతాడు, 'నాకెంత వదులుతావ్?' అని. పది శాతం వదలకపోతే పక్క ఏజెన్సీ వదులుతుంది. నలభై వేలు అక్కడ పోయింది. మిగిలింది ఇరవై. పేపర్‌కి మనం గడువులో కట్టి తీరాలి, లేకపోతే గుర్తింపుకే ఎసరు. క్లయింటు ఇంకో రెండు నెలలు లాగుతాడు. పేపర్‌కి కట్టాల్సిన మూడు లక్షల నలభై వేలు బయట తెచ్చి కట్టాలి. రూపాయి వడ్డీ వేసుకున్నా రెండు నెలలకి ఆరువేల ఎనిమిదొందలు.

అమ్మాయి: అంటే పదమూడు వేల రెండొందలు. అందులోనే ఆర్టిస్టు, డీటీపీ అబ్బాయి, ఆఫీసు అద్దె, నువ్వు. నాలుగు లక్షల ప్రకటనకి! ఇంకొకటి అడుగుతా, కోపం తెచ్చుకోకు. కమిషన్ మీద బతికే మనిషి 'ఈ నెల పేపర్లో వేయకండి, ముందు మీ బోర్డు మార్చుకోండి' అని ఎలా చెబుతాడు? చోటు ఎంత ఎక్కువ కొంటే అంత వస్తుందాయె.

బాబాయి: చెప్పాను. ఏలూరు రోడ్డులో ఒక మందుల షాపాయనకి పేపర్ వద్దు, చుట్టుపక్కల నాలుగు వీధుల్లో కరపత్రాలు పంచమని చెప్పాను. నాకు ఒక్క రూపాయి రాలేదు. ఆయన కొడుకు హాస్పిటల్ కట్టినప్పుడు మొదటి ఫోను నాకే చేశాడు. నువ్వు ఫీజు కాగితం ముందు పెడతావు. నేను మనిషిని ముందు పెట్టాను. ఈ ఊళ్లో వ్యాపారం అలా నడిచింది.

అమ్మాయి: నీకు నమ్మకం దక్కింది బాబాయ్, నిజమే. మరి నీ ఆర్టిస్టుకి ఏం దక్కింది? అంత చక్కటి చెయ్యి. బ్రష్ పట్టుకుని ఒక్క గీతలో 'శ్రీ' రాసేవాడు. చిన్నప్పుడు నేను ఆయన బల్ల పక్కనే కూర్చునేదాన్ని. ఫ్లెక్స్ వచ్చాక ఆయనకి ఏ ఏజెన్సీలోనూ చోటు లేదు. చివరికి ఫ్లెక్స్ షాపులో కంప్యూటర్ ముందు కూర్చుని పుట్టినరోజు బ్యానర్లు చేశాడు. ఆ చేతికి ఏనాడైనా బిల్లులో విడిగా ఒక ధర ఉండి ఉంటే, ఆయన్ని పోగొట్టుకోవడానికి ఎవరైనా ఒకసారి ఆలోచించేవాళ్లు.

ఈ మాటకి బాబాయి జవాబు చెప్పలేదు. ఇక్కడ ఆమె చెప్పింది పూర్తిగా నిజమని నేనూ అనుకుంటాను. తెలుగునాట బోర్డులు రాసిన, గోడల మీద సినిమా పేర్లు రాసిన తరం మొత్తం పదేళ్లలో చెదిరిపోయింది. కొత్త యంత్రం రావడం ఒక కారణం. వాళ్ల పనికి అంతకుముందు కూడా ఎవరూ విడిగా ధర కట్టకపోవడం అంతకంటే పెద్ద కారణం. కాసేపటికి ఆయన మాట మార్చాడు, కానీ మార్చి పట్టుకున్నది బలమైన కొమ్మనే.

బాబాయి: నలుగురితో ఎన్నాళ్లుంటావ్? ఏ.జి. కృష్ణమూర్తి గారి సంగతి నీకు తెలియందా. మన వినుకొండ మనిషి. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకుని అహ్మదాబాద్ వెళ్లాడు. 1980లో ముద్ర ఏజెన్సీ పెట్టినప్పుడు చేతిలో ముప్ఫై అయిదు వేలు, ఒక్క క్లయింటు. తొమ్మిదేళ్లలో దేశంలో మూడో పెద్ద ఏజెన్సీ చేశాడు. 'ఐ లవ్ యూ రస్నా' అనని పిల్లాడు ఉన్నాడా అప్పట్లో? చిన్నగా మొదలెట్టొచ్చు. చిన్నగానే ఉండిపోతాననడం ఏమిటి?

అమ్మాయి: ఆయనంటే నాకూ గౌరవమే. కానీ ఆ ఒక్క క్లయింటు ఎవరు? విమల్. వెనక రిలయన్స్ ఉంది. అలాంటి క్లయింటు నాకు దొరకడు, నాకు అక్కర్లేదు కూడా. ఆయన చేసినవాటిలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది 1991లో మైకా పెట్టడం. ఈ పని నేర్పడానికే ఒక విద్యాసంస్థ. ఇక పెద్దదవడమంటావా? 2011లో ముద్ర విదేశీ సంస్థ ఒమ్నికామ్ చేతికి వెళ్లి డీడీబీ ముద్ర అయింది. 2025 చివర్లో అదే ఒమ్నికామ్ ఇంటర్‌పబ్లిక్‌ని కొనేసి, డీడీబీ, ఎఫ్‌సీబీ లాంటి పాత పేర్లనే ఎత్తేస్తున్నట్టు చెప్పింది. వేలమంది ఉద్యోగాలు పోతాయని కూడా చెప్పింది. ముంబైలో ఇద్దరు మిత్రులు 2009లో టాప్‌రూట్ అనే ఏజెన్సీ పెట్టారు. ఎంత మంచి పని చేశారో. 2012కల్లా సగానికి పైగా వాటా జపాన్ సంస్థ డెంట్సుకి వెళ్లిపోయింది. పెద్దదైన ప్రతిదాన్నీ అంతకంటే పెద్దది కొంటోంది. నేను క్లయింటుతో కూర్చుని మాట్లాడి, ఆ రాత్రి నేనే గీస్తాను. ఆ రెండు పనులూ ఒకే మనిషి చేయడం పెద్ద ఏజెన్సీలో కుదరదు.

బాబాయి: కుదరదు. కానీ పెద్ద ఏజెన్సీలో ఒక క్లయింటు పోతే ఇంకో పదిమంది ఉంటారు. నీ దగ్గర ఒక్కడు పోతే ఒక పిల్లాణ్ణి ఇంటికి పంపించాలి. ఒకటో తారీకు నాకు ఎలా ఉండేదో మీ పిన్నినడుగు.

అమ్మాయి: అది నిజం. అందుకే ఏ ఒక్క క్లయింటు నుంచీ మా ఆదాయంలో మూడో వంతుకి మించి రానివ్వం. మందుల డబ్బాల ప్యాకేజింగు, వార్షిక నివేదికలు, విత్తనాల సంచుల మీద డిజైన్లు చేస్తాం. ఎవరూ మెచ్చుకోరు, అవార్డులు రావు. అయినా నెల నెలా జీతాలిచ్చేది అవే.

ఒక చోట మాత్రం ఇద్దరూ ఒక్కటయ్యారు. ఆ కొట్టు కోసం ఆమె మనసులో ఏమనుకుందో చెప్పమని బాబాయి అడిగాడు. ఆమె బోర్డు గురించి మొదలుపెట్టింది.

అమ్మాయి: వాళ్ల బోర్డు మీద ఇంగ్లిష్ పేరు ఎంత ఎత్తుందో తెలుగు పేరుకీ అంతే ఎత్తు ఇచ్చారు. తెలుగుకి అది సరిపోదు. 'లక్ష్మి' అని రాయాలంటే క మీద గుడి, కింద ష వత్తు, దాని వెంట మ వత్తు. అన్నీ ఆ కొలతలోనే ఇరికిస్తే క నలిగి చిన్నదైపోతుంది. రోడ్డు అవతల నుంచి చదవలేం.

బాబాయి: మా ఆర్టిస్టు ముందు వత్తులు ఎక్కడ పడతాయో పెన్సిల్‌తో చుక్కలు పెట్టుకునేవాడు. ఆ తర్వాతే తలకట్లు. రెండు వరుసల హెడ్డింగయితే ఇంకా కష్టం. పై వరుస వత్తు వచ్చి కింది వరుస గుడి మీద కూర్చుంటుంది.

అమ్మాయి: ఇప్పుడూ అంతే! కంప్యూటర్‌లో వరుసల మధ్య దూరం పెంచేస్తారు. అప్పుడు హెడ్డింగ్ రెండు ముక్కలైపోతుంది. నేను లైను విరిచే చోటు మారుస్తాను. కుదరకపోతే మాటే మారుస్తాను. వత్తు తక్కువున్న మాట వెతుకుతాను. కాపీ రాసేవాడు, డిజైన్ చేసేవాడు పక్కపక్కన కూర్చుంటేనే అది కుదిరేది.

బాబాయి: బాపు గారు సినిమాలకి రాకముందు మద్రాసులో జె. వాల్టర్ థాంప్సన్ లాంటి ఏజెన్సీల్లో పనిచేశారు తెలుసా. బొమ్మ, అక్షరం ఒకే చేతిలోంచి వచ్చేవి.

అమ్మాయి: ఆ రాత ఫాంటుగా మారి ప్రతి శుభలేఖ మీదా కనపడుతోంది. ఇప్పుడు రామభద్ర, మల్లన్న, పెద్దన, గిడుగు... ఉచితంగా దొరికే ఫాంట్లు చాలానే వచ్చాయి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టిన మేటరు వెబ్‌సైట్‌లో పెడితే పిచ్చి అక్షరాలయ్యే బాధ కొంత తగ్గింది. ఆ ఫాంట్లు చేసినవాళ్లకి దణ్ణం పెట్టాలి. కానీ వరసన నాలుగు కొట్లకి ఒకే ఫాంటుంటే ఏ కొట్టు ఏదో తెలియదు. అందుకే ఈ కొట్టుకి అక్షరాలు చేత్తో రాయించాలనుకున్నాను. మీ ఆర్టిస్టు గారి చేతే.

చాలాసేపు వాళ్లిద్దరూ కాగితం మీద 'లక్ష్మి' రాసుకుంటూ, కొట్టేసుకుంటూ గడిపారు. ఈ సంవాదంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. ఈ వృత్తి మీద ఇద్దరికీ ఉన్న ప్రేమ డబ్బు లెక్కల్లో బయటపడలేదు, ఒక మ వత్తు దగ్గర బయటపడింది. తర్వాత బాబాయి మళ్లీ వాదనలోకి వచ్చాడు.

బాబాయి: ఇదంతా నీకూ నాకూ ముచ్చట. ఆ కొట్టాయన కొడుకు ఫోన్లో రెండు నిమిషాల్లో లోగో చేసి చూపిస్తున్నాడు. ఏఐ అట. నువ్వు పది రోజులంటే నవ్వుతారు.

అమ్మాయి: పండగ శుభాకాంక్షల పోస్టు, ఆఫర్ పోస్టు అతనే చేసుకోనీ బాబాయ్. వాటికి నా అవసరం లేదని నేనే చెబుతాను. ఆ బొమ్మల్లో తెలుగు వత్తులు చాలాసార్లు తప్పు పడతాయి. రేపు సరిగ్గానే పడొచ్చు. నా పని ఆ తప్పుల మీద ఆధారపడలేదు. నేను ముందు కొట్లో రెండు రోజులు కౌంటర్ దగ్గర నిలబడతాను. పెళ్లి చీరలకి వచ్చేవాళ్లు ఏ అంతస్తుకి వెళ్తున్నారు, ఎవరు రేటు అడిగి వెనక్కి తిరుగుతున్నారు, ఇదివరకు పల్లెల నుంచి వచ్చేవాళ్లు ఎందుకు తగ్గారు... అది తెలిశాకే బొమ్మ. ఆ రెండు రోజులకి ఎవరు డబ్బులిస్తారనేదే నా గొడవంతా.

బాబాయి: పోయినేడాది ఆ కాలేజీ ర్యాంకుల యాడ్ కూడా వదులుకున్నావు. అడ్వాన్సు ఇస్తామన్నారు కదా!

అమ్మాయి: ఒక పిల్లాడి ఫోటో ఇచ్చారు. అదే పిల్లాడు ఇంకో సంస్థ ప్రకటనలోనూ ఉన్నాడు. వీళ్ల దగ్గర ఏ కోర్సు, ఎన్నాళ్లు చదివాడో చెప్పమంటే చెప్పలేదు. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనలకి నిబంధనలు తెచ్చింది. ర్యాంకు వచ్చాక ఆ విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే పేరు, ఫోటో వాడాలి. అతను చదివిన కోర్సేమిటో ప్రకటనలో చెప్పాలి. చట్టం సంగతి అటుంచు, ఆ ఫోటో చూసి ఏ రైతో పొలం తాకట్టు పెట్టి ఫీజు కడతాడు. నా చేత్తో ఆ అక్షరాలు పేర్చలేను.

బాబాయి: నేను వేశాను అమ్మా, అలాంటివి. పేపర్ వేసుకునేది, కాలేజీ ఇచ్చేది, మధ్యలో నేనెవణ్ణి అనుకున్నాను. నువ్వు వద్దనడం తప్పనను. కానీ వద్దనగలగాలంటే బ్యాంకులో మూడు నెలల జీతాలుండాలి. ముందు అవి కూడబెట్టు, ఆ తర్వాత నీతి చెప్పు.

ఈ సలహా ప్రతి చిన్న ఏజెన్సీ గోడ మీద రాసుకోదగ్గది. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది ఇక్కడే. మూడు నెలల జీతాలు ఎందుకు కూడవు అన్న దగ్గర మాత్రం మళ్లీ తేడా వచ్చింది.

అమ్మాయి: ఎలా కూడబెట్టను? లక్ష రూపాయల బిల్లు వేస్తే 18 శాతం జీఎస్టీ. క్లయింటు ఇచ్చినా ఇవ్వకపోయినా వచ్చే నెల ఇరవయ్యో తారీకులోగా ఆ పద్దెనిమిది వేలు నేను కట్టేయాలి. క్లయింటు మూడో నెలలో ఇస్తాడు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం నాలాంటి చిన్న సంస్థకి ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లో ఇచ్చేయాలి. దాటితే బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ. 2023లో ఆదాయపన్ను చట్టం కూడా మార్చారు. ఆ గడువులో కట్టకపోతే, కట్టేదాకా దాన్ని ఖర్చు కింద చూపించుకోలేరు. ఇవన్నీ ఉన్నాయి, కాగితం మీద.

బాబాయి: ఆ చట్టం కింది కౌన్సిల్‌లో ఫిర్యాదు పెడితే ఆ క్లయింటు మళ్లీ నీ గడప తొక్కడు, పదిమందికి చెబుతాడు. నేనైతే పొద్దున్నే వెళ్లి కొట్లో కూర్చునేవాణ్ణి. బోణీ అయ్యాక ఆయనే చెక్కు రాసేవాడు.

అమ్మాయి: నువ్వు కూర్చున్న ఆ పూటలన్నీ కలిపితే ఎన్నేళ్లు బాబాయ్? ఆ కాలంలో నువ్వు ఎన్ని మంచి ప్రకటనలు చేసి ఉండేవాడివి?

ఆయన నవ్వి ఊరుకున్నాడు. వాదన అక్కడితో ఆగింది, రాజీ ఏమీ కుదరలేదు. ఆయన ఇప్పటికీ ఆమె ఆ కొట్టుకి ఒకసారి వెళ్లి ఉండాల్సిందనే అంటాడు. ఆమె వెళ్లననే అంటుంది.

నా తీర్పు నేను చెబుతాను. మూడు నెలల జీతాలు ముందు కూడబెట్టమన్న చోట, మనిషిని ముందు పెట్టమన్న చోట బాబాయి మాట వినాలి. డబ్బివ్వని పిచ్‌కి వెళ్లకపోవడంలో మాత్రం అమ్మాయిదే న్యాయం. చిన్న ఏజెన్సీకి గోదాములో సరుకుండదు, యంత్రాలుండవు. ఉన్నదల్లా నలుగురి రోజులు. వాటిని ఉచితంగా పంచిపెట్టి ఎవరూ నిలవలేదు. నిలిచినట్టు కనపడినవాళ్లు ఆ నష్టాన్ని తమ ఆర్టిస్టు మీద, డీటీపీ అబ్బాయి మీద వేశారు.

ఇది చదువుతున్న వ్యాపారులకు, ఆసుపత్రుల వారికి, కాలేజీల వారికి ఒక విన్నపం. ఈ పండక్కి డిజైన్లు చూపించమని చిన్న ఏజెన్సీలను పిలిస్తే ముగ్గురికీ ఎంతో కొంత ఫీజు ఇవ్వండి, పని దక్కనివారి ఆలోచన వాడుకోకండి. మీ బల్ల మీద 45 రోజులు దాటిన బిల్లేదైనా ఉంటే ఈ వారమే కట్టేయండి.